మొరలోని విశ్వాసం

కష్టకాలంలో దైవాన్ని నమ్మడం గురించి లోకంలో సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. నిజమైన భక్తుడు ఎంతటి ఆపదలోనైనా చెక్కుచెదరడనీ, కన్నీరు పెట్టడనీ, దేవుణ్ణి పల్లెత్తు మాట అనడనీ మొదటి అభిప్రాయం చెబుతుంది; మనసులో సందేహం తలెత్తిన క్షణానే విశ్వాసం పోయినట్లేనని రెండోది తేల్చేస్తుంది. ఒకటి భక్తుల పక్షాన, మరొకటి అవిశ్వాసుల పక్షాన నిలిచినట్టు పైకి కనిపించినా రెండింటికీ పునాది ఒక్కటే: విశ్వాసమంటే చలనం లేని నిశ్చయమనే భావన. తెలుగువారు తరతరాలుగా చదువుతూ పాడుతూ వచ్చిన భక్తి సాహిత్యాన్ని, అందులోనూ చెరసాలలో, మడుగులో, అశోకవనంలో పలికిన మాటలను శ్రద్ధగా గమనించినవారికి ఈ భావన ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది. ఆ సాహిత్యంలో దేవుణ్ణి గట్టిగా నమ్మినవారే ఆయనను గట్టిగా నిలదీశారు. ఉన్నాడో లేడో అని తల్లడిల్లినవారే చివరిదాకా పిలిచారు. కష్టంలో ఉన్న మనిషి పెట్టుకునే మొరను విశ్వాసానికి కలిగిన లోటుగా ఆ సాహిత్యం ఎన్నడూ లెక్కించలేదు. విశ్వాసం ఆ స్థితిలో ధరించగల అత్యంత నిజమైన రూపంగానే దాన్ని గౌరవించింది.

కష్టదినాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. హఠాత్తుగా వచ్చిపడే ఆపద ఒక రకం. దాని ఎదుట మనిషి ఉన్న శక్తినంతా కూడదీసుకుని నిలబడతాడు, చుట్టాలూ స్నేహితులూ పరుగున వచ్చి చేరతారు. రోజు తరువాత రోజు ఏ మార్పూ లేకుండా ఈడ్చుకుపోయే నిస్సారమైన కాలం మరో రకం. తగ్గని జబ్బు, తీరని అప్పు, ఎంత తిరిగినా దొరకని ఉద్యోగం, పోయిన మనిషి లేని ఇల్లు, కారణమేమిటో చెప్పలేని దిగులు ఈ రెండో రకానికి చెందుతాయి. ఇక్కడ బాధ తీవ్రత కంటె దాని నిడివి మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది, ఎందుకంటే మొదట్లో పరామర్శకు వచ్చినవారు కొన్నాళ్లకు తమ పనుల్లో పడిపోతారు, ప్రార్థనలోని మాటలు అరిగిపోయినట్టు తోస్తాయి, రేపటికీ ఇవాళకూ తేడా ఉండదనే ఊహ స్థిరపడుతుంది. దేని మీదా ఆసక్తి నిలవక, చేసే ప్రయత్నం మీద విసుగు పుట్టి, తన మీద తనకే చులకన కలిగే ఈ స్థితిని ప్రాచీనులు నిర్వేదం అన్నారు. దైవం మీద నమ్మకానికి నిజమైన పరీక్ష ఆపద విరుచుకుపడిన గడియలో కంటె ఈ నిర్వేదంలోనే ఎదురవుతుంది.

ఇటువంటి దీర్ఘకాలపు కష్టానికి తెలుగునాట అందరికీ తెలిసిన ఉదాహరణ కంచెర్ల గోపన్నది. నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో పుట్టిన ఈ 17వ శతాబ్దపు భక్తుడు గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా, అంటే పన్నులు వసూలు చేసి ఖజానాకు పంపే అధికారిగా పనిచేశాడు. గోదావరి ఒడ్డున భద్రగిరి మీద పోకల దమ్మక్క అనే భక్తురాలు గుర్తించి, పందిరి వేసి పూజించిన సీతారామలక్ష్మణ విగ్రహాలకు ఆయన ఆలయం కట్టించాడు, నగలు చేయించాడు. అందుకు రాజధనం వాడాడన్న అభియోగం మీద గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. ఆ ధనం 6 లక్షల వరహాలనీ, ఆ చెర 12 ఏళ్లు సాగిందనీ సంప్రదాయం చెబుతుంది. వరహా అంటే ఆనాటి బంగారు నాణెం. ఆ కాలంలో గోల్కొండను ఏలిన అబుల్ హసన్ తానీషా 1672లో గద్దెనెక్కాడు. ఆయన కొలువులో గోపన్న మేనమామలైన అక్కన్న మాదన్నలు ఉన్నత పదవుల్లో ఉన్నారు. అధికారం, బంధుబలం, పేరు అన్నీ ఉన్న మనిషి ఒక్కసారిగా చీకటి గదిలో పడ్డాడు. గోల్కొండ కోటకు వెళ్లేవారికి నేటికీ రామదాసు బందీఖానా అనే కట్టడం చూపిస్తారు. దాని గోడ మీద ఉన్న దేవతామూర్తులను ఆయనే చెక్కాడని జనం నమ్మకం.

భద్రాచల రామదాసుగా తెలుగువారికి తెలిసిన ఈ బందీ చెరలో పాడాడని చెప్పే కీర్తనల్లో ప్రశాంతమైన తత్త్వబోధ కోసం వెతికేవారికి ఆశ్చర్యం కలుగుతుంది. వాటిలో ఒకటి దాదాపు రెవెన్యూ అధికారి రాసిన లెక్కల చిట్టాలా సాగుతుంది. సీతమ్మకు చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, రాముడికి కలికితురాయి చేయించిన వైనాన్నీ, వాటిలో కొన్నింటికి పట్టిన సొమ్మునూ వరుసగా ఏకరువు పెట్టి, ఈ ఖర్చు మీ తండ్రి భరించాడా, మీ మామ పంపించాడా అని రాముణ్ణే సూటిగా అడుగుతాడు. తీరా అంతా అన్నాక, దెబ్బలు ఓర్చుకోలేక నోరు జారానని, ఆ తిట్లకు నొచ్చుకోవద్దని ఆ దేవుణ్ణే బతిమాలుకుంటాడు. మరో కీర్తనలో తాను ఎంత పిలిచినా రాముడు ఒక్క మాటైనా పలకడం లేదని వాపోతాడు; ఇంకోచోట రాముడి మనసు కరగడం లేదు గనుక ఏకాంతంలో నువ్వైనా ఒక మాట చెప్పమ్మా అని సీతమ్మను ఆశ్రయిస్తాడు. కోపం, పశ్చాత్తాపం, దిగులు, మళ్లీ ఆశ అన్నీ ఈ పాటల్లో దాపరికం లేకుండా ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

నిందిస్తున్నట్టు కనిపిస్తూ స్తుతించే ఈ పద్ధతికి నిందాస్తుతి అని పేరు. అలంకారశాస్త్రం దృష్టిలో ఇది ఒక చమత్కారం కావచ్చు గానీ, రామదాసు దగ్గర చమత్కారానికి చోటు లేదు. అక్కడ నింద నిజమైన నింద, నొప్పి నిజమైన నొప్పి. అయినా అది స్తుతి ఎలా అవుతుందన్నది ఆలోచించవలసిన విషయం. తనవాడనుకున్నవాడి మీదే మనిషి అలుగుతాడు, వింటాడనుకున్నవాడితోనే వాదిస్తాడు, న్యాయం చేయగలడనుకున్నవాడి ముందే లెక్కలు పరుస్తాడు. ఏ సంబంధమూ లేని పరాయివాడితో ఎవరూ నిష్ఠూరం ఆడరు. అందువల్ల రామదాసు నిష్ఠూరంలోని ప్రతి మాటా రాముడు ఉన్నాడనీ, వింటున్నాడనీ, తన బాధ ఆయనకు పట్టవలసిన బాధేననీ ముందే అంగీకరించి పుట్టిన మాట. నమ్మకం నిజంగా చచ్చిపోయినప్పుడు మనిషి దేవుణ్ణి తిట్టడం కూడా మానేసి, ఆయన ఊసే ఎత్తకుండా ఊరుకుంటాడు. మొరకు వ్యతిరేకపదం స్తుతి కాదు, ఉదాసీనత.

కీర్తన అనే ప్రక్రియ నిర్మాణం కూడా ఈ సత్యాన్నే మరో విధంగా బోధిస్తుంది. కీర్తనకు పల్లవి, అనుపల్లవి, చరణాలు అంగాలు. పల్లవిలో దైవాన్ని పిలవడమో, ప్రధానమైన ప్రార్థనో ఉంటుంది, చరణాల్లో దాని వివరం ఉంటుంది, ప్రతి చరణం తరువాత గాయకుడు మళ్లీ పల్లవిని అందుకుంటాడు. చరణంలో ఎంతటి ఆక్రోశమున్నా, ఎంతటి సందేహమున్నా, అది ముగియగానే పాట తిరిగి ఆ పిలుపు దగ్గరికే చేరుతుంది. బాధ ప్రతిసారీ కొత్త మాటలు వెతుక్కుంటుంది, పిలుపు మాత్రం మారదు. నిర్వేదంలో ఉన్న మనిషికి కొత్త నమ్మకాలు సృష్టించుకునే ఓపిక ఉండదు; ఉన్న ఒక్క పిలుపు దగ్గరికి తిరిగి వచ్చే అలవాటు మాత్రం మిగిలి ఉండవచ్చు. పైగా భజన మందిరాల్లో ఒకరు పాడితే మిగిలినవారు అందుకుని పాడతారు గనుక, ఒక బందీ ఒంటరిగా పెట్టిన మొర వందలమంది గొంతుల్లో సాధారణమవుతుంది. గొంతు పెగలని రోజున కూడా ఆ గుంపులో కూర్చున్నవాడి తరఫున ఇతరులు పాడుతూనే ఉంటారు.

ఈ కీర్తనలను నేటివారు వినే తీరులో ఒక సౌకర్యం ఉంది. అదే ఒక ప్రమాదం కూడా. కథ ముగింపు అందరికీ తెలుసు. రామలక్ష్మణులు మారువేషాల్లో తానీషాకు కనిపించి, బాకీ మొత్తం రామమాడలనే నాణేల్లో చెల్లించి, రసీదు తీసుకుని గోపన్నను విడిపించారని సంప్రదాయ కథనం. ఆ ముగింపు వెలుగులో చూస్తే చెరలోని ప్రతి కీర్తనా విడుదలకు వేసిన మెట్టులా కనిపిస్తుంది. కానీ ఆ పాటలు పుట్టిన రోజున ఆ ముగింపు లేదు. రామమాడలు వస్తాయని గాని, తలుపు తెరుచుకుంటుందని గాని పాడినవాడికి తెలియదు. రాముడు పలకడం లేదన్నది ఆనాటికి అతనికి తెలిసిన సత్యం. విశ్వాసం పనిచేసిన కాలం తలుపు తెరుచుకున్న రోజు కాదు, తలుపు మూసి ఉన్న అన్ని రోజులూ. ఫలితం చేతికి అందిన తరువాత నమ్మడానికి విశ్వాసం అక్కర్లేదు, జ్ఞాపకం చాలు. ఆ మాటకొస్తే బందీ చేసినవాడి కథ కూడా సుఖాంతం కాలేదు: 1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను పట్టుకున్నాక తానీషా కూడా దౌలతాబాదు కోటలో బందీగా మిగిలి, అక్కడే కన్నుమూశాడు. గెలుపు ఓటములను బట్టి దైవానుగ్రహాన్ని కొలవబోతే చరిత్ర ఎవరికీ నిలకడైన కొలమానం ఇవ్వదు.

రామదాసు కంటె రెండు శతాబ్దాలు ముందువాడైన బమ్మెర పోతన తన భాగవతం అష్టమ స్కంధంలో గజేంద్రుడి చేత పలికించిన మాటలు ఈ విషయాన్ని మరింత లోతుగా చూపిస్తాయి. త్రికూట పర్వతం దగ్గరి సరస్సులో మొసలి నోట చిక్కిన ఏనుగు వేయి సంవత్సరాలు పోరాడిందని పురాణం. తోటి ఏనుగులు చేయగలిగిందంతా చేసి విఫలమయ్యాయి, నీటిలో ఉన్న మొసలి బలం పెరుగుతూ పోయింది, ఏనుగు బలం తరుగుతూ వచ్చింది. ఆ దశలో గజేంద్రుడు చేసే స్తుతి సంస్కృత మూలంలో గంభీరమైన వేదాంత ధోరణిలో సాగుతుంది. పోతన ఆ గాంభీర్యాన్ని నిలుపుతూనే, మూలంలో ఇంత సూటిగా కనిపించని ఒక సందేహాన్ని ఆ నోట పెట్టాడు. దీనుల పట్ల ఉంటాడనీ, అన్ని దిక్కులా ఉంటాడనీ జనం చెప్పే ఆ దేవుడు అసలు ఉన్నాడా లేడా అని మరణం అంచున ఉన్న ప్రాణి అడుగుతుంది. తెలుగు పిల్లలు బడిలోనే కంఠస్థం చేసే ఆ పద్యంలోని ప్రశ్న నాస్తికుడి వాదన కాదు. అది స్తుతి మధ్యలో, స్తుతిలో భాగంగా వచ్చింది. పోతన దాన్ని దాచలేదు, దిద్దలేదు, దాని మీద వ్యాఖ్యానం చేయలేదు. ఆ సందేహం వెలిబుచ్చినందుకు విష్ణువు రావడం ఆలస్యం చేసినట్టూ రాయలేదు. పైగా లక్ష్మికి చెప్పకుండా, ఆయుధాలు అందుకోకుండా, పరివారాన్ని పిలవకుండా కదిలివచ్చినట్టు వర్ణించాడు.

గజేంద్రుడి కథలో అంతగా చర్చకు రాని రెండు వివరాలు కష్టకాలపు విశ్వాసం గురించి ఎంతో చెబుతాయి. మొదటిది, ఆ స్తుతి అతనికి ఎక్కడిదన్న విషయం. అది పూర్వజన్మలో నేర్చుకున్నదని భాగవతం చెబుతుంది. ఆ ఏనుగు పూర్వం ఇంద్రద్యుమ్నుడనే పాండ్య రాజు, అగస్త్యుడి శాపం వల్ల ఆ రూపం పొందాడు. జన్మాంతరాల సంగతి అటుంచి చూసినా ఇందులో ఒక అనుభవసత్యం ఉంది: మొసలి పట్టుకున్నాక ప్రార్థన నేర్చుకోవడం కష్టం. మంచి రోజుల్లో పెద్దల నోట విని, అర్థం పూర్తిగా తెలియకుండానే వల్లెవేసిన స్తోత్రాలూ కీర్తనలూ ఏళ్ల తరువాత ఆసుపత్రి వరండాలోనో, నిద్ర పట్టని రాత్రిలోనో తామంతట తాము నోటికి వస్తాయి. రెండోది, ఆ పిలుపు విన్న బ్రహ్మాది దేవతలు కదలలేదన్న వివరం. గజేంద్రుడు ఏ దేవతనూ పేరు పెట్టి పిలవలేదు. సృష్టికి మూలమై, అన్నింటిలో వ్యాపించినవాడెవడో అతడే దిక్కని పిలిచాడు, అందువల్ల పేరూ రూపమూ గల తమకు ఆ పిలుపు చెందదని మిగిలినవారు ఊరుకున్నారు, సర్వాత్మకుడైన హరి వచ్చాడు. ఎవరిని పిలుస్తున్నారో స్పష్టంగా తెలియని స్థితిలో పెట్టిన మొర కూడా చేరవలసిన చోటికి చేరుతుందని ఈ కథ ఇచ్చే హామీ.

కష్టం వచ్చినప్పుడే దేవుడు గుర్తుకొస్తాడని లోకం ఎత్తిపొడుస్తుంది. భగవద్గీత ఏడో అధ్యాయం ఈ ఎత్తిపొడుపును అంగీకరించదు. తనను భజించేవారు నాలుగు విధాలని కృష్ణుడు చెప్పిన వరుసలో మొదట వచ్చేది ఆర్తుడు, అంటే బాధలో ఉన్నవాడు. ఆ తరువాత తెలుసుకోగోరే జిజ్ఞాసువు, సంపద కోరే అర్థార్థి, జ్ఞాని వస్తారు. జ్ఞాని తనకు అత్యంత ప్రియుడంటూనే నలుగురూ ఉదారులే అని ఆ వెంటనే చెప్పడం గమనించదగిన విషయం. బాధ వల్ల దేవుడి వైపు తిరిగినవాడు స్వార్థపరుడని గాని, అతడి భక్తి తక్కువ రకమని గాని ఆ గ్రంథం కించపరచలేదు. అతడు పిలిచాడు, అంతే చాలు. కష్టంలో ఆలయానికి వెళ్లడానికి సిగ్గుపడేవారికి, ఇన్నాళ్లూ తలచుకోనివాడిని ఇప్పుడు ఏ ముఖంతో అడగాలని వెనుకాడేవారికి ఇంతకంటె పెద్ద ఊరట లేదు.

వైష్ణవ ఆచార్యులు ఈ పిలుపునే ప్రపత్తి లేక శరణాగతి అనే పేరుతో శాస్త్రీకరించారు. శరణాగతికి వారు చెప్పిన ఆరు అంగాలు ఇవి: భగవంతుడికి అనుకూలంగా నడవాలన్న సంకల్పం, ప్రతికూలమైనదాన్ని విడిచిపెట్టడం, తప్పక రక్షిస్తాడన్న విశ్వాసం, రక్షకుడిగా ఉండమని కోరుకోవడం, తన భారాన్ని ఆయన మీద ఉంచడం, తన అశక్తతను ఒప్పుకోవడం. చివరిదాన్ని కార్పణ్యం అంటారు. తన చేతుల్లో ఏమీ లేదని గుర్తించడం దీని అర్థం. ఈ జాబితాలో విశ్వాసం పక్కనే అశక్తతకూ స్థానం దొరకడం విశేషం. లోకం దృష్టిలో బలహీనతగా కనిపించేదాన్ని ఆచార్యులు శరణాగతిలో ఒక అంగంగా స్వీకరించారు. మనిషి ప్రయత్నానికి ఇందులో ఎంత పాలు ఉందన్న ప్రశ్న మీద శ్రీవైష్ణవంలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి: కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుని వేలాడినట్టు జీవుడు పట్టు విడవకూడదని ఒక పక్షం, పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుపోయినట్టు భగవంతుడే మోస్తాడని మరో పక్షం వాదించాయి. నిజానికి కష్టకాలంలో ఒకే మనిషికి ఈ రెండు అనుభవాలూ కలుగుతాయి. పట్టుకోగల రోజులుంటాయి, పట్టు జారిపోయి మోయబడే రోజులుంటాయి. రెండో రకం రోజుల్లో విశ్వాసం లేదనుకోవడం పొరపాటని మార్జాలన్యాయం, అంటే ఆ పిల్లి పోలిక, ధైర్యం చెబుతుంది.

ఆశ ఎలా చేరుతుందన్న విషయంలో వాల్మీకి సుందరకాండను మించిన పాఠం లేదు. ఇంట్లో ఇబ్బందులు వచ్చినప్పుడు తెలుగువారు ఈ కాండను పారాయణ చేయడం వెనుక ఎంతో అంతరార్థం ఉంది. అందులో ఇద్దరు నిర్వేదపు అంచుదాకా వెళతారు. లంకంతా గాలించినా సీత కనిపించని హనుమంతుడు తిరిగి వెళ్లడం కంటె ప్రాణాలు విడవడమే మేలనుకుని, బతికుంటేనే శుభం పొందే వీలుంటుందని ఆ ఊహను తానే తోసిపుచ్చి, వెతకని అశోకవనం వైపు కదులుతాడు. దిగులుకు లొంగకపోవడానికి రామాయణం పెట్టిన పేరు అనిర్వేదం. సంపదకు, సుఖానికి అదే మూలమని హనుమంతుడి నోటనే పలికించింది. అశోకవనంలో రావణుడు విధించిన గడువులో రెండు నెలలే మిగిలిన సీత కూడా తన జడతోనే ప్రాణం తీసుకోవాలన్న తలపు వరకు వెళుతుంది. ఆ తలపును కవి దాచిపెట్టలేదు, ఆమెను అందుకు తక్కువ చేయనూ లేదు.

ఆ గడియలో ఆమెకు ఆశ ఏ రూపంలో వచ్చిందో చూడాలి. రాముడు స్వయంగా రాలేదు. కాపలా ఉన్న రాక్షసస్త్రీలలో ఒకతె అయిన త్రిజట చెప్పిన కల, మంచి శకునాలు, చెట్టు కొమ్మల్లోంచి వినిపించిన ఒక కోతి గొంతు, ఆ తరువాత ఒక ఉంగరం ఆమెను చేరాయి. హనుమంతుడు ముందు తాను కనిపించకుండా దశరథుడితో మొదలుపెట్టి రాముడి కథ వినిపించాడు; భయపడి ఉన్న మనసుకు ఏ మాట, ఏ భాషలో, ఏ వరుసలో చెప్పాలో ఆలోచించి మరీ నోరు విప్పాడు. సీత వెంటనే నమ్మలేదు. వచ్చినవాడు మారువేషంలోని రావణుడేమోనని శంకించి, రాముడి లక్షణాలు చెప్పమని పరీక్షించాకే ఊరట పొందింది. కనుక ఆశను స్వీకరించడానికి వివేకాన్ని వదులుకోనక్కర్లేదు. దైవం చేసే సహాయం చాలాసార్లు ఇంకొకరి నోటి ద్వారా, ఇంకొకరి చేతి ద్వారా, అదీ అనుకోని చోటి నుంచి వస్తుందన్నది ఈ ఘట్టం సారం. ఈ దృష్టితో చూస్తే, ఎడతెగని కుంగుబాటులో ఉన్నవారు వైద్యుణ్ణి కలవడం, మందు వాడడం, ఆత్మీయులతో మనసు విప్పి మాట్లాడడం దైవం మీద నమ్మకం చాలక చేసే పనులు కావు. చెట్టు మీది గొంతును వినడమే అది.

మొరను విశ్వాసంగా గుర్తించిన సంప్రదాయం ఒక్క వైష్ణవానిదే కాదు. తెలుగు క్రైస్తవులు కష్టాల్లో చదువుకునే బైబిలు కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో విలాపాలు పెద్ద భాగం. వాటిలో 88వ కీర్తన ఎక్కడా ఊరటకు తిరగకుండా చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుంది, అయినా దాన్ని పవిత్రగ్రంథం నుంచి ఎవరూ తొలగించలేదు. యోబు గ్రంథం ఇంకా ముందుకు వెళుతుంది. సంతానాన్నీ సంపదనూ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దేవుడితో తీవ్రంగా వాదిస్తాడు. ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏదో పాపం చేసి ఉంటావు గనుకనే శిక్ష పడిందని దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుంటారు. చివరకు దేవుడు కోపించింది తనను సమర్థించిన ఆ స్నేహితుల మీద. తన గురించి సరిగా మాట్లాడింది యోబేనని తీర్పు చెప్పాడు. బాధితుడి కర్మనో పాపాన్నో ఎత్తిచూపి దేవుడికి న్యాయం సమకూర్చబోయే ప్రతివారికీ ఈ తీర్పు హెచ్చరిక. భాగవతంలో కుంతి తనకు ఆపదలు కలుగుతూనే ఉండాలని, వాటిలోనే కృష్ణ దర్శనం లభిస్తుందని కోరుకుంది. కానీ అది తన కష్టాల గురించి తాను అన్న మాట. ఆ మాటను తీసుకుపోయి, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఉపదేశంగా వినిపించే హక్కు పక్కింటివారికి లేదు.

ఇంత చెప్పినా ఒక కఠినమైన ప్రశ్న మిగులుతుంది. రామదాసు విడుదలయ్యాడు, గజేంద్రుడు గట్టెక్కాడు, సీత చెర వీడింది. మొర పెట్టినా చెర వీడనివారి మాటేమిటి? ఎంతగా ప్రార్థించినా జబ్బు గెలిచిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, వారి నమ్మకం రామదాసు నమ్మకం కంటె తక్కువదని చెప్పగల సాహసం ఎవరికీ ఉండకూడదు. మొక్కును ఒక ఒప్పందంగా, విశ్వాసాన్ని ఫలితానికి ముందుగా కట్టే రుసుముగా భావించేవారికి ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు. విశ్వాసాన్ని ఒక సంబంధంగా భావించినవారికి కూడా పూర్తి సమాధానం దొరకదు, కానీ దానితో జీవించే దారి దొరుకుతుంది. ఆశించిన ఫలితం రాలేదన్న బాధను కూడా వారు ఆ సంబంధం లోపలే చెప్పుకోగలరు. రామదాసు చూపిన దారిలో ఎందుకిలా చేశావని అడగగలరు. ఫలానాది జరుగుతుందన్న అంచనా తప్పవచ్చు. ఏది జరిగినా వినేవాడొకడున్నాడన్న ఆశ ఆ అంచనా మీద ఆధారపడింది కాదు గనుక దానితో పాటు కూలిపోనవసరం లేదు.

ఒకరు పెట్టిన మొర తరువాతివారికి ఆధారమవుతుందన్నది చరిత్ర నిరూపించిన విషయం. కావేరీ తీరాన తిరువయ్యారులో జీవించిన త్యాగరాజు (1767-1847) తన కృతుల్లో తనను బ్రోవమని రాముణ్ణి అడిగేటప్పుడు, గజేంద్రుణ్ణి కాచిన వైనంతో పాటు రామదాసు చెర విడిపించిన సంగతినీ తాను విన్నానని గుర్తుచేశాడు. గోల్కొండ చీకటి గదిలోని వేదన వంద ఏళ్లకు పైగా గడిచాక, వందల మైళ్ల అవతల, మరో తెలుగు నోటికి సాక్ష్యంగా ఉపయోగపడింది. త్యాగరాజు పాట ఆ తరువాతి తరాలకు అటువంటి సాక్ష్యమే అయింది. శ్రీరామనవమి నాడు భద్రాచలంలో జరిగే కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు పంపే ఆచారం తానీషా కాలం నుంచి వస్తున్నదని చెబుతారు. బందీ చేసిన గద్దె కానుకలు పంపే గద్దెగా మారడం ఆ సాక్ష్యానికి ప్రజలు ఇచ్చుకున్న విలువ.

కాబట్టి కష్టదినాల్లో ఉన్న మనిషి నుంచి విశ్వాసం కోరేది మహాధైర్యం కాదు. సందేహాలన్నీ తీరాక ప్రార్థిద్దామని ఆగకుండా ఆ సందేహాలతోనే ప్రార్థించడం, మాటలు రాని రోజున ఎవరో ఎప్పుడో పాడిన మాటలు అరువు తెచ్చుకోవడం, అదీ చేతకాని రోజున పాడేవారి మధ్య ఊరికే కూర్చోవడం, చేరువైన సహాయాన్ని దైవం పంపినదిగానే అందుకోవడం చాలు. మిగిలిన బాధ్యత చుట్టూ ఉన్న సమాజానిది. దేవుడి మీద నమ్మకం లేదా అని బాధితుణ్ణి నిలదీయడానికి ముందు, అతడి మొరను తప్పుపట్టకుండా చివరిదాకా వినే ఓపిక తమకు ఉందా అని ఇరుగుపొరుగు, బంధువులు, గురువులు తమను తాము ప్రశ్నించుకోవాలి. ఎందుకంటే దేవుడు వింటాడన్న నమ్మకం చాలామందికి మొదట కలిగేది, సాటి మనిషి విన్నప్పుడే.